టార్చిలైటు మూత

మీలో ఎవరైనా టార్చిలైటులో సెల్లులు మార్చాల్సి వస్తే నన్ను మాత్రం పక్కన ఉండనివ్వకండి. నా చెయ్యి ఊరుకోదు. లాక్కుని నేనే మారుస్తాను, పైగా నాలుగు మాటలు అంటాను. మొన్న మా చిన్నల్లుడు రావులపాలెం నుంచి వచ్చినప్పుడు కరెంటు పోయింది. పాపం ఆయన సాయం చేద్దామనే అలమారలోంచి లైటు తీశాడు. వాకిట్లో ఇసక మీద చతికిలబడి, తడిచేత్తో, ఊరగాయ సీసా మూత తిప్పినట్టు దాని మూత బలంకొద్దీ తిప్పుతున్నాడు. వెళ్ళి చేతిలోంచి లాక్కున్నాను. "తీసుకోండి మావయ్యగారూ" అని మర్యాదగానే ఇచ్చాడు గాని ముఖం చిన్నబోయింది. తరవాత మా ఆవిడ నన్ను ఉతికి ఆరేసింది. అల్లుడి చేతిలోది లాక్కునే మామని తాను ఎక్కడా చూడలేదంది.

ఆవిడ అన్నది నిజమే. కానీ ఆ మూతని అలా తిప్పుతుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. ఎందుకు కాదో చెబుతాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళకి పనికొచ్చినా రావచ్చు, రాకపోయినా నష్టం లేదు.

నేను ఇరిగేషన్‌లో లస్కరుగా చేరి లస్కరుగానే రిటైరయ్యాను. ఎండాకాలం కాలవల మీదా, వానాకాలం ఏటిగట్టు మీదా తిరిగే ఉద్యోగం. కొత్తపేట అవతల గౌతమి గోదారి గట్టులో ఒక ముక్క నాకూ, ఇంకొకాయనకీ కలిపి అప్పజెప్పారు. గట్టుకి ఇటు కొబ్బరితోటలు, ఇళ్ళు, చేలు. అటు లంక, అంటే ఏరు మేటవేసిన నేల, అది దాటాక ఏరు. మామూలు రోజుల్లో ఏరు ఎక్కడో దూరంగా ఉంటుంది. శ్రావణంలో ధవళేశ్వరం దగ్గర హెచ్చరిక ఇచ్చారంటే మాత్రం లంక మునిగి, నీళ్ళు వచ్చి గట్టుని ఆనుకుంటాయి. అప్పుడు ఇటు తోటలో నిలబడితే గోదారి మన నెత్తికి పైన పారుతున్నట్టు లెక్క. మధ్యలో ఉన్నది గట్టొక్కటే.

గట్టు పైనుంచి పొర్లి తెగడం తక్కువ. కిందనుంచే తెగుతుంది. ఎలక బొరియో, పీతబొక్కో, ఎప్పుడో కొట్టేసిన చెట్టు వేరో, ఏదో ఒకటి నీళ్ళకి దారి ఇస్తుంది. ఇవతల గట్టు అడుగున ఊట పుడుతుంది. ఆ ఊట తేటగా వస్తే భయం లేదు, ఒక కన్నేసి ఉంచితే చాలు. అదే ఊట మట్టి రంగులో వస్తే గట్టు లోపల కరిగిపోతోందని అర్థం. ఇంక గండి పడడానికి ఎంతోసేపు పట్టదు. తేటా, మట్టా? వరద రోజుల్లో మా ఉద్యోగమంతా ఈ ఒక్క ప్రశ్నే. దానికి మాకిచ్చిన సరంజామా ఒక చేతికర్ర, ఒక రెయిన్‌కోటు, ఒక టార్చిలైటు.

రెయిన్‌కోట్లు ఎవరివి వాళ్ళవే. లైటు మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే. మంచి లైటు, అల్యూమినియం బాడీ, రెండు పెద్ద సెల్లులు, వెనకాల మర మూత. డ్యూటీ మారేటప్పుడు తూము దగ్గర షెడ్డులో ఒకరు ఇంకొకరికి అప్పగించాలి. నాది పగలు, ఆయనది రాత్రి. పగలు లైటెందుకని అడగకండి. తూముల్లోకి తొంగిచూడాలి, బొరియల్లోకి చూడాలి, మిట్టమధ్యాహ్నమైనా అక్కడ చీకటే.

ఆ రెండో ఆయన గురించి చెప్పాలి. నాకంటే కాస్త పెద్ద. చుట్టరికం ఏమీ లేదు గాని బావగారూ అంటే బావగారూ అని పిలుచుకునేవాళ్ళం. మాట నెమ్మది. ఎవరినైనా తిట్టాలన్నా చివర అండీ చేర్చి తిడతాడు. నాది అలా కాదు, నోటికెంతొస్తే అంత, తరవాత బాధపడతాను. ఆయన కూర్చుంటే కూర్చున్నట్టే ఉంటాడు. నేను కూర్చున్నా కాళ్ళు ఊపుతూ ఉంటాను. అయినా మాకు బాగానే కుదిరింది. కొత్త లైటు వచ్చిన రోజున ఇద్దరం పక్కపక్కన కూర్చుని దాని మూత మరలకీ, రబ్బరు రింగుకీ శ్రద్ధగా కొబ్బరినూనె పట్టించాం. మా వైపు అంతే కదా. తలుపు కిర్రుమన్నా, సైకిలు గొలుసు పట్టేసినా, పిల్ల తల మీద మాడు ఎండినా ఒకటే మందు. బావగారి ఇంటి నూనె, సొంత చెట్ల కురిడీ కొబ్బరి ఆడించినది, ఘుమఘుమలాడేది. లైటు పది కాలాలపాటు ఉండాలని ఆ సేవ చేశాం.

కొన్నాళ్ళకి లైటు మసకబారడం మొదలెట్టింది. సెల్లులు మార్చేవాళ్ళం, రెండు రోజులు బాగుండేది, మళ్ళీ మామూలే. స్టోర్సులో సెల్లులకి అడిగినప్పుడల్లా అక్కడి గుమస్తా ఏమిటయ్యా తింటున్నారా అనేవాడు. నవ్వి ఊరుకునేవాళ్ళం.

ఒకరోజు పొద్దున డ్యూటీ మారే సమయానికి మా ఏఈగారు, అంటే మా పై ఇంజనీరుగారు, జీపు దిగి వచ్చారు. షెడ్డు ఎదురుగా టీ బడ్డీ ఉండేది, పక్క ముక్కల లస్కర్లు కూడా అక్కడే ఉన్నారు. ఏఈగారు లైటు తీసుకుని నొక్కారు. మిణుకుమంది. సెల్లులు వేసి వారం కాలేదు కదా, ఏం చేస్తున్నారని అడిగారు. ఎవరినీ ఉద్దేశించి కాదు, ఊరికే గాలిలోకి. నేను నోరు తెరిచేలోపు మా బావగారు ఎప్పటిలాగే నెమ్మదిగా అన్నాడు.

"నేనైతే రాత్రుళ్ళు గట్టు మీదే వెలిగిస్తానండి. పగళ్ళు ఎవరింట్లో వెలుగుతుందో మరి నాకు తెలీదండీ."

అందరూ నవ్వారు. ఏఈగారు కూడా నవ్వి, సెల్లులు ఇకమీదట రాత్రి డ్యూటీ మనిషి దగ్గరే ఉంచండి అని జీపెక్కేశారు. అంతే. రెండు నిమిషాల వ్యవహారం.

నాకు తల కొట్టేసినట్టయింది. చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. దొంగ అని ఆయన నోటితో అనలేదు, అంటే తిరగబడేవాణ్ణి. అండీ చేర్చి అన్నమాటకి ఎలా తిరగబడతారు? పైగా ఆఫీసరు నవ్వేశాడు, ఉత్తర్వు కూడా ఇచ్చేశాడు. ఆ క్షణం నుంచి నా లెక్కలో మా సెక్షనంతటికీ నేను సెల్లుల దొంగనే. ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వారనుకునేవాణ్ణి. ఎవరు నవ్వకపోయినా నన్ను చూసే ఆపుకున్నారనుకునేవాణ్ణి.

ఇక్కడ ఇంకొకటి ఉంది. సెల్లులు నేను తియ్యలేదని నాకు తెలుసు. మరి లైటు వెలగడం లేదంటే తీసింది ఎవరు? ఆయనే. తాను తీసి నా మీదకి నెట్టాడు. ఇంత తేలిక లెక్క ఎవరికైనా తెలుస్తుంది. అవతల ఆయన కూడా తన బుర్రలో ఇదే లెక్క వేసుకున్నాడని, ఆయనకీ తాను తియ్యలేదని తెలుసని నాకు తట్టనే లేదు.

ఆ రోజు నుంచి బావగారూ పోయింది, ఏవండీ వచ్చింది. అప్పగింత పద్ధతీ మారింది. అంతకుముందు లైటు చేతికిస్తే తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళం. ఇప్పుడు మూత విప్పి, సెల్లులు బయటికి తీసి, ఒకరి ఎదురుగా ఒకరు చూసుకుని, మళ్ళీ వేసి బిగించాలి. సెల్లుల మీద నేను గోటితో గీత పెట్టాను. ఆయనా ఒక గీత పెట్టాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వానలో, గాలిలో, షెడ్డులోకి కొట్టుకొచ్చిన ఇసకలో, ఆ మూత విప్పడం, బిగించడం. లోపల మరలు కొరకొరలాడేవి. అలా అన్నప్పుడల్లా ఆయన తన సీసా తీసి మరో రెండు చుక్కల కొబ్బరినూనె వేసేవాడు. ఆ విషయంలో మాత్రం మాకు భేదాభిప్రాయం లేదు.

నూనెకి రబ్బరు రింగు ఉబ్బింది. రింగు ఉబ్బితే మూత పట్టేసింది. మూత పట్టేస్తే కటింగ్ ప్లేయరు తెచ్చి తిప్పాం. ప్లేయరు పళ్ళు పడి మూత అంచంతా పీక్కుపోయింది. చూసినవాళ్ళెవరైనా ఇద్దరు మతి స్థిమితం లేనివాళ్ళ చేతిలో పడిన లైటనుకునేవారు, అది కొంత నిజమే.

ఇంట్లో నా వరస ఇంకా అన్యాయం. మా ఇంట్లో సెల్లు అన్న వస్తువు కనబడకూడదన్నాను. గోడగడియారం ఆగిపోతే సెల్లు కొననివ్వలేదు. ఎవరైనా ఇంటికొచ్చి గడియారం టిక్కుటిక్కుమనడం వింటే, ఆఁ, ఇక్కడున్నాయా సర్కారు సెల్లులు అనుకుంటారని నా భయం. ఆ గడియారానికి వేసేది వేలెడంత చిన్న సెల్లు, టార్చిలో వేసేది గుప్పెడంత. అయినా నా బుర్రకి అది ఎక్కలేదు. టీవీ రిమోటుదీ అదే గతి. పిల్లలు లేచి వెళ్ళి చానెలు మార్చేవారు. మా ఆవిడ కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి ఒకరోజు గడియారం గోడమీంచి తీసి నా మంచం మీద పెట్టి, దీన్ని మీరే చూసుకుంటూ పడుకోండి అని వెళ్ళిపోయింది. నిద్ర ఎలాగూ పట్టేది కాదు. కాలుగాలిన పిల్లిలా వాకిట్లోకీ ఇంట్లోకీ తిరిగేవాణ్ణి. ఆయన అన్న ఆ ఒక్క వాక్యానికి ఏం జవాబు చెప్పి ఉండాల్సిందో రకరకాలుగా తయారుచేసుకునేవాణ్ణి. చాలా మంచి జవాబులు తట్టాయి, అన్నీ ఆలస్యంగా.

బదిలీ అడుగుదామా అనుకున్నాను. అడిగితే దొంగ పారిపోయాడంటారు. ఊరుకుంటే ఒప్పుకున్నాడంటారు. ఎటూ పాలుపోలేదు.

అలా రెండు వానాకాలాలు గడిచాయి. మూడో ఏట పెద్ద వరద వచ్చింది.

మూడు రోజుల వాన. లంక మునిగింది, లంకలో వాళ్ళని పడవల మీద ఇవతలికి తెచ్చారు, నీళ్ళు గట్టు సగానికి పైగా ఎక్కాయి. కరెంటు లేదు. ఆ సాయంత్రం ఆయన తన వేళకంటే ముందే డ్యూటీకి వచ్చాడు. నేను నా వేళ అయినా ఇంటికి వెళ్ళలేదు. అలాంటి రోజున ఎవరూ వెళ్ళరు. షెడ్డులో యథాప్రకారం మూత విప్పి గీతలు చూసుకుని, ఇద్దరం కలిసి గట్టు అడుగు వెంట నడిచాం, మాటల్లేకుండా. మబ్బు కమ్మేసి పొద్దు ఉండగానే చీకటి పడుతోంది. ఊరి చివర ఇళ్ళ వెనక ఒక కొబ్బరితోట ఉంది. అందులో నడుస్తుంటే నా కాలు పిక్కదాకా దిగబడింది.

కాలు పీక్కుని, కర్రతో కెలికి చూశాను. ఎప్పుడో కొట్టేసిన కొబ్బరిచెట్టు మొదలు, దాని పక్కనుంచి నీళ్ళు పైకి వస్తున్నాయి. ఊటే. తేటా, మట్టా?

చేత్తో పట్టి చూడొచ్చుగా అంటారు. చూశాను. వానకి తోటలో బురదంతా పారుతోంది, చేతిలోకి వచ్చింది ఊట మట్టో తోట మట్టో ఎవరు చెబుతారు? ఊట పుట్టే నోటి దగ్గర వెలుగు పడితేనే తెలుస్తుంది. ఫోన్ల సంగతి కూడా అడుగుతారని తెలుసు. ఆయన ఫోను పొద్దునే తడిసి ఆగిపోయింది. నాది బటన్ల ఫోను, చార్జింగు ఒక్క గీత మిగిలింది. దాన్ని వెలుగుకి తగలేస్తే తరవాత ఊరికి కబురు ఎలా? చూడకుండా కబురు చేసేద్దామా అంటే, కిందటేడు పక్క ముక్కలో ఒకాయన తేట ఊట చూసి గండి అని కేకలేశాడు. ఊరంతా వానలో మంచాలు మోసుకుని బడికి పోయింది, మర్నాడు తిరిగొచ్చి ఆయన్ని తిట్టని నోరు లేదు. ఇప్పుడు మేం కేకేస్తే సగం మంది కదలరు. కేకెయ్యకపోతే, అది మట్టి ఊటే అయితే, ఆ ఇళ్ళు తెల్లారేసరికి ఉండవు.

ఆయన లైటు నొక్కాడు. ఎప్పటిలాగే మిణుకుమంది. ఆ గుడ్డివెలుగులో నీళ్ళన్నీ ఒకటే రంగు.

ఆయన రెయిన్‌కోటు లోపల సంచిలోంచి కొత్త సెల్లులు తీశాడు. ఏఈగారి ఉత్తర్వు ప్రకారం ఆయన దగ్గరే ఉండేవి కదా. కాగితం చుట్ట ఆయనే చింపాడు. మూత ఆయనే విప్పాడు, పాతవి తీసి నా చేతిలో పెట్టాడు, కొత్తవి ఆయనే వేశాడు, ఆయనే బిగించాడు. నేను నా రెయిన్‌కోటు చాపి వాన పడకుండా పట్టుకున్నాను, అంతే నేను చేసింది. నొక్కాడు.

మిణుకుమంది.

మళ్ళీ నొక్కాడు. అదే గుడ్డివెలుగు. ఆయన చేతిలో లైటుని చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఆ చీకట్లో నాకు ఆయన ముఖం సరిగ్గా కనబడలేదు. కనబడకపోవడమే మంచిదయింది.

తరవాత ఆయన తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి, లోపలి పొడి కొస వెతికి పట్టుకున్నాడు. మూత మళ్ళీ తీసి మరల్లో ఆ కొస పెట్టి తిప్పాడు. నల్లటి జిగురు వచ్చింది. ఇసక కలిసిన కొబ్బరినూనె, ఏళ్ళ తరబడి పేరుకున్నది, గంజిలా. బాడీ వైపు మరలూ తుడిచాడు, మూత లోపలి స్ప్రింగు తుడిచాడు, బాడీ అంచు తెల్లగా మెరిసేదాకా రుద్దాడు. మూత పెట్టాడు. ఈసారి నొక్కితే తోటలో కొబ్బరాకులు కూడా కనబడేంత వెలుగొచ్చింది.

ఆనందించడానికి తీరిక లేదు. చెట్టు మొదలు పక్కన, ఎసట్లో బియ్యం ఉడికినట్టు ఇసక రేణువులు పైకి లేస్తున్నాయి. తోట మట్టి నలుపు. వస్తున్నది గట్టులోపలి రంగు.

"మట్టేనండి బావగారూ" అన్నాడాయన. అంతకాలం తరవాత ఆ పిలుపు ఆయన నోట వచ్చిందని ఆయనకీ తెలియలేదు, నాకూ ఆ తరవాతెప్పుడో గాని తట్టలేదు.

మిగిలిన ఆ ఒక్క గీత చార్జింగుతో ఏఈగారికీ, ఊళ్ళోకీ ఫోన్లు చేశాను. జనం వచ్చారు. ఇసక బస్తాలు గట్టు మీద సిద్ధంగానే ఉన్నాయి. వచ్చినవాళ్ళు ఆ నోట్లో బస్తాలు కుక్కేద్దామన్నారు. అందరికీ మొదట తట్టేది అదే, చెయ్యకూడనిదీ అదే. నోరు మూస్తే నీళ్ళు ఇంకోచోట నోరు తెరుస్తాయి. ఊట చుట్టూ బావి ఒరలా బస్తాలు పేర్చుకుంటూ పోవాలి. లోపల నీళ్ళు నిండి బరువెక్కితే ఊట తనే జోరు తగ్గి, మట్టి తేవడం మానేస్తుంది. అక్కడ నా నోరు పనికొచ్చింది. మామూలుగా నన్ను విసుక్కునేవాళ్ళు కూడా ఆ పూట నేను అరిచినచోటల్లా బస్తా వేశారు.

లైటు ఆయన పట్టుకున్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. విప్పీ బిగించీ, ప్లేయరుతో తిప్పీ, ఇసకతో అరగదీసీ మరలు అరిగిపోయాయి. జిగురు ఉన్నన్నాళ్ళు అదే అతుక్కుని మూతని పట్టి ఉంచింది. ఇప్పుడు తుడిచేసరికి మూత నిలవడం లేదు, జారిపోతోంది. ఆయన బొటనవేలితో మూతని అదిమి పట్టుకున్నాడు. వేలు సడలిస్తే చాలు ఆరిపోయేది. ఎవరో నేను పడతానంటే ఇవ్వలేదు. ఒర కట్టడం పూర్తయ్యేదాకా, ఆ తరవాత ఊట తేటపడిందో లేదో చూసేదాకా, ఆ వేలు అలాగే ఉంది.

తెల్లవారేసరికి ఒరలో నీళ్ళు తేటగా నిలిచాయి. ఇళ్ళు ఇళ్ళలాగే ఉన్నాయి. ఇద్దరం షెడ్డుకి వచ్చాం. ఆయన గోడకి చేరబడి కూర్చున్నాడు, బొటనవేలు వంగడం లేదు, రెండో చేత్తో నొక్కుకుంటున్నాడు. నాకు కూర్చోవడం చేతకాలేదు. జేబులో ఏదో బరువు తగిలింది. ముందురోజు సాయంత్రం ఆయన తీసి నా చేతిలో పెట్టిన పాత సెల్లులు. తీసి లైటులో వేశాను, మూత అదిమి నొక్కాను. గోడ మీద తెల్లటి వెలుగు పడింది, రాత్రి కొత్త సెల్లులతో ఎలా పడిందో అలాగే.

"అవి పాతవాండీ?" అన్నాడు.

"పాతవే. గీతలు చూసుకోండి, మీదీ ఉంది, నాదీ ఉంది" అన్నాను.

చూడలేదు. తల దించుకున్నాడు. సెల్లులు అయిపోయాయని మేం పారేసినవెన్ని బాగున్నవో ఎవరికి తెలుసు. ఆ లైటుకి కరెంటు బాడీ మీంచే వెనక్కి తిరిగి, మూత మరల్లోంచి స్ప్రింగుకి రావాలి. అదే దారిలో మేం కొబ్బరినూనె పోసి, దాని మీద ఇసక చల్లి, వెలుగు ఏదని ఒకరి జేబులు ఒకరు చూసుకున్నాం. మొదట్లో కొత్త సెల్లులు వేశాక రెండు రోజులు బాగుండడం సెల్లుల మహిమ కాదు, మూత తిప్పడంతో జిగురు కాస్త జరిగేది, అంతే. పుష్యమాసంలో లైటు మరీ మసకగా ఉండేదెందుకో కూడా అప్పుడే అర్థమైంది. చలికి సీసాలో పేరుకునే నూనె మరల్లో పేరుకోదా?

కనుక మీరు ఎవరు ఏం చెప్పినా టార్చికి కొబ్బరినూనె రాయకండి. మరలు పొడిబట్టతో తుడవండి. రబ్బరు రింగు మరీ ఎండిపోతే ప్లంబర్ల దగ్గర దొరికే సిలికాన్ గ్రీజు చిటికెడు, అదీ రింగు మీదే. సెల్లులు రెండూ ఒకేసారి మార్చండి, ఇసకకీ వానకీ దూరంగా, చెయ్యి తుడుచుకుని. మూత పెట్టి బిగించేముందు ఒకసారి వెనక్కి తిప్పండి. మర టక్కున తన గాడిలో పడుతుంది, అప్పుడు ముందుకి తిప్పితే రెండు వేళ్ళు చాలు. గట్టిగా బిగించడం గొప్ప కాదు. అన్నిటికంటే ముఖ్యం, పని లేకుండా విప్పకండి. ఏ లైటైనా వెలిగి అరగదు, విప్పితే అరుగుతుంది.

ఇంతవరకు చెప్పి ఊరుకోవచ్చు. కానీ నా సంగతి తేలలేదు కదా. దొంగ అన్నమాట అలాగే ఉంది.

వరద తీశాక ఏఈగారు షెడ్డుకి వచ్చి ఇద్దరినీ మెచ్చుకున్నారు. పక్క ముక్కల లస్కర్లు, టీ బడ్డీ ఆయన, అందరూ ఉన్నారు, నన్ను ఆ మాట అన్నప్పుడు ఉన్నవాళ్ళే. మా బావగారు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ నేను తయారుచేసుకున్న జవాబులన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోతున్నాయని కూడా తెలిసింది.

"సార్, అప్పుడు లైటులో సెల్లుల గురించి నేను ఈయన్ని ఓ మాటన్నానండి. తప్పండి. ఈయన తియ్యలేదు, నేనూ తియ్యలేదు. నూనె వల్ల అలా అయ్యిందండి."

ఏఈగారు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూశారు. "ఏ సెల్లులు?" అన్నారు.

బావగారు మళ్ళీ చెప్పాడు, జీపు దిగి రావడం, లైటు నొక్కడం, సెల్లులు రాత్రి మనిషి దగ్గర ఉంచమనడం. ఏఈగారు మర్యాదకి కాసేపు గుర్తుతెచ్చుకునే ప్రయత్నం చేశారు. నేనలా అన్నానా అని అడిగారు. పక్క ముక్కల లస్కర్లని చూశాను. ఒకాయన బీడీ వెలిగించుకుంటున్నాడు, ఇంకొకాయన మాదీ మసకగానే ఉంటుందండి అన్నాడు. టీ బడ్డీ ఆయనకి అసలు ఏమీ గుర్తు లేదు. ఏఈగారు సరే సరే, కొత్త లైటు ఇప్పిస్తాను అని జీపెక్కేశారు.

ఇద్దరం గట్టెక్కి నడిచాం. నాకు నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, ఒళ్ళు మండింది. లోకమంతా నన్ను దొంగగా చూస్తోందని నేను ఆగిన గడియారం పక్కన పడుకుని దొర్లుతుంటే, లోకానికి నేను అసలు తట్టనేలేదు. అదే ఆయనతో అన్నాను, కొంచెం గట్టిగానే. ఇంతమందిలో ఒక్కడికైనా గుర్తు లేదేమిటండీ అన్నాను.

ఆయన వంగని బొటనవేలు నొక్కుకుంటూ నడిచాడు.

"నాకు రోజూ గుర్తేనండి బావగారూ. అన్నవాణ్ణి నేను కదండీ. నిద్రే పట్టేది కాదు."

నిద్ర పట్టనిది నాకొక్కడికే అనుకున్నాను.